గోతిలో నిలబడి విసిరిన కొండముచ్చు

మా అడవిలో వెలగకాయ ఆట ఆడేవారు. కొండముచ్చు గాల్లోకి ఎగిరి గిర్రున తిరిగి కాయ విసిరేది. ఎలుగుబంటి దాన్ని దుడ్డుకర్రతో కొట్టాలి. ఎలుగుబంటి గాలిని మాత్రం చాలా బాగా కొట్టేది.

మూడు ఆటల్లో ఒక్క దెబ్బా తగల్లేదు. చూసేవాళ్లకు విసుగొచ్చింది. అందరికంటే ముందు కుందేలుకు వచ్చింది. జన్మలో కాయ ముట్టుకోలేదు కనుక దానికి ఆట గురించి అన్నీ తెలుసు.

"నక్క మామా, రూలు మార్చు. ఆ కొండముచ్చుగాడి కాళ్లు గోతిలో పాతించు. ఎగరలేకపోతే కాయ నెమ్మదిగా వస్తుంది," అంది.

ఆటకు పెద్దమనిషి నక్కే. సరేనంది. మోకాలి లోతు గొయ్యి తవ్వి, కొండముచ్చును నిలబెట్టి, మట్టి వేసి తొక్కారు.

"మామా, కాయ తిరిగి నా మీదికొస్తే తప్పుకునేదెలా?" అంది కొండముచ్చు.

"ముందు రానియ్యరా!" అంది కుందేలు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, అబద్ధమెందుకు?

కాయ నెమ్మదిగా వెళ్లింది. ఎలుగుబంటి కొట్టింది. కాయ వెళ్లిన దారినే తిరిగొచ్చి, కొండముచ్చు కాళ్లు పీక్కునేలోపే నుదుటికి తగిలింది. అడవంతా ఈలలు వేసింది. ఈలలు ఆగేసరికి కొండముచ్చు ఊపిరీ ఆగింది.

గొయ్యి ఉండనే ఉంది కదా అని, దాన్నే ఇంకాస్త తవ్వి కొండముచ్చును అందులోనే పూడ్చారు.

మరునాడు జనం రెట్టింపు వచ్చారు. నక్క కొత్త గొయ్యి తవ్వించింది. ఈసారి జానెడు లోతే.

"కుందేలల్లుడూ, ఆట బాగా తెలిసినవాడివి నువ్వే," అంది నక్క. "రా, దిగు."