వాకిలి తడిసింది

మా ఆయన పోయిన ఉదయం, జవాబుపెట్టె ఇలా చెప్పింది: “బజ్జీలు ఎక్కువ తింటే గుండెల్లో మండుతుంది. మీకు మండుతోంది. కాబట్టి బజ్జీల వల్లే. పడుకోండి.” ఆయన పడుకున్నారు. మళ్ళీ లేవలేదు.

ఏ నొప్పి వచ్చినా కారణం చెప్పే ఆ పెట్టె ప్రతి ఇంట్లోనూ ఉంది. అది చెప్పనిదే ఎవరూ ఆసుపత్రికి వెళ్ళరు. దాన్ని తయారుచేసిన సన్యాసిరావు మా వీధిలోనే ఉంటాడు. వెళ్ళి అడిగితే, “పెట్టె తర్కంలో తప్పు లేదమ్మా,” అన్నాడు. అతని కూతురు గౌరీశ్వరి నేను పాఠం చెప్పే ఏడో తరగతిలో చదువుతోంది.

బోర్డు మీద రాశాను: వాన పడితే వాకిలి తడుస్తుంది. వాకిలి తడిసింది. కాబట్టి?

“వాన పడింది టీచర్!” పెట్టెల మాట వింటూ పెరిగిన పిల్లలు ఒక్క గొంతుతో అరిచారు.

గౌరీశ్వరి చెయ్యెత్తింది. “మాయమ్మ కళ్ళాపి జల్లినా తడుస్తాది గదా టీచర్?”

“ఆ మాట మీ నాన్నకు చెప్పు. తరవాత మా ఆయన బజ్జీల సంగతి అడుగు,” అన్నాను. అతని తప్పు సొంత బిడ్డ నోటి నుంచే అతను వినాలి. నాకు జాలి కలగలేదు.

మర్నాడు వచ్చి చెప్పింది. “నాన్న కంచం ఒదిలేసి లెగిసిపోనాడు టీచర్.”

“జవాబు చెప్పాడా?”

“నేదు.”

“అయితే మళ్ళీ అడుగు.”

నెల రోజులుగా అడుగుతూనే ఉంది. అతను ఇంకా జవాబు చెప్పలేదు.