చెల్లిన నాణెం

“ఏవండీ, టీ!” అంది హెప్సి, చనిపోయిన తల్లి గొంతు తెచ్చిపెట్టుకుని. ఒంటిమీద తల్లి కార్డిగన్.

తండ్రి కృపాదానానికి మతిమరుపు జబ్బు. రోజూ సాయంత్రం నాలుగింటికి ఇంగ్లండులోని ఆ నార్తాంప్టన్ ఫ్లాటంతా భార్య కోసం వెతుకుతాడు. ఆమె లేదని చెప్పిన ప్రతిసారీ అప్పుడే విన్నట్టు కుమిలిపోతాడు. అందుకే నెల్లాళ్ళుగా ఈ వేషం.

ఇవాళ ఆయన తన పాత నాణేల డబ్బాలోంచి ఒక రాగి బిళ్ళ తీసి హెప్సి అరచేతిలో పెట్టాడు.

“బైజాంటైన్ చక్రవర్తి బొమ్మ, అంటే తూర్పు రోమన్ రాజుది. కానీ వాళ్ళ టంకశాలది కాదు.”

“దొంగ నాణెమా అండీ?”

“మోసమేం కాదు. పద్నాలుగు వందల ఏళ్ళనాడు సిరియాకి అసలువి రావడం ఆగిపోయింది. సంత ఆగదుగా? అక్కడివాళ్ళే పాతవి చూసి అచ్చేసుకున్నారు. ముక్కు చూడు, ఎంత వంకరో! తీసుకునేవాళ్ళందరికీ తెలుసు. తెలిసే తీసుకున్నారు.”

ఆయన టీ ఒక గుక్క తాగాడు.

“మీ అమ్మ నాకు పంచదార వేసేది కాదమ్మా, హెప్సీ.”

హెప్సి వేళ్ళు కార్డిగన్ బొత్తాల మీదకి వెళ్ళాయి. “సారీ, డాడీ. తీసేస్తాను.”

“వద్దు.” ఆ తీపి టీ చివరి చుక్కదాకా తాగి, కప్పు ఆమె చేతికిచ్చాడు. “రేపు కూడా నాలుగింటికి మీ అమ్మని రమ్మను.”