గడప దగ్గరి చుట్టం

పడవ దిగిన ముసలాయన నేరుగా ఏపెలీ ఇంటికి వచ్చి, గడప లోపలే కూలబడ్డాడు.

"కాస్త లోపలికి జరగండి. అది మా కుక్క పడుకునే చోటు" అంది ఏపెలీ భార్య లితియా.

"నాకిక్కడే బాగుంది తల్లీ."

ఒళ్ళో యంగోనా వేళ్ళ కట్ట ఉంది, దంచుకుని తాగే మత్తు వేళ్ళు. మంచి పాత వేళ్ళు. అంత కట్ట ఊరికే ఎవరూ మోసుకురారు.

మూల పడుకుని ఉన్న ఏపెలీ లేచి కూర్చున్నాడు. పది రోజులుగా అతనికి ఎవరితోనూ మాట్లాడ బుద్ధి కావడం లేదు.

ఇరవై ఒక్క ఏళ్ళు సర్కారు లాంచీ నడిపాడు. యాభై అయిదు నిండగానే దిగిపోయి, పెన్షన్ కాగితం కోసం ఎదురుచూశాడు. లెవూకా పట్నంలోని సర్కారు ఆఫీసు నుంచి వేరే కాగితం వచ్చింది. పెద్ద తుపాను ఏట మూడు నెలలు చెప్పాపెట్టకుండా పారిపోయాడని రిజిస్టరులో ఉందట. సర్వీసు మధ్యలో తెగితే, తెగక ముందరి పన్నెండేళ్ళు గాలికి పోయినట్టేనట. మిగిలిన తొమ్మిదేళ్ళకి పెన్షన్ రాదు, పదేళ్ళుండాలి. అదీ రూలు.

"ఏ దీవి మీది?" నీరసంగా అడిగాడు ఏపెలీ.

ముసలాయన దక్షిణాన ఉన్న ఒక దీవి పేరు చెప్పాడు.

ఏపెలీ మొహం వెలిగిపోయింది. ఆ దీవివాళ్ళకీ ఈ ఊరివాళ్ళకీ తాతలనాటి వేళాకోళపు చుట్టరికం. ఎంత ఏడిపించుకున్నా కోపం తెచ్చుకోకూడదు.

"ఓరి నీ ఇల్లు బంగారం గానూ! తాబేళ్ళ దొంగా! లితియా, గిన్నెలు లోపల పెట్టేయ్!"

ముసలాయన నవ్వలేదు. తల వంచి, రెండు చేతులతో కట్టని ముందుకు జరిపాడు.

"మీకు పెద్ద అపకారం చేశాను. మన్నించమని అడగడానికొచ్చాను."

ఏపెలీ పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఒక్కటేనా? మీ తాతలు మా తాతల పందుల్ని ఎత్తుకుపోయారే, దానికెవరడుగుతారు?"

"అది కాదండీ, నేను నిజంగానే..."

"మీవాళ్ళు నిజం చెప్పిన రోజు సముద్రం ఎండిపోతుంది! పో బావా, మన్నించాను. నీ తప్పులూ, మీ తాతల తప్పులూ, అన్నీ!"

కట్ట అందుకుని, అరచేతులు దొన్నెల్లా మడిచి, మూడుసార్లు గట్టిగా చప్పట్లు చరిచాడు. ఇక ఆ మన్నింపుకి తిరుగులేదు.

"అన్నీనా?" అన్నాడు ముసలాయన.

"రేపు చెయ్యబోయేవి కూడా!"

ముసలాయన కళ్ళు తుడుచుకున్నాడు. పొయ్యి పొగ అనుకుంది లితియా.

అప్పటిదాకా మంచినీళ్ళు కూడా ముట్టనివాడు, ఆ తర్వాత కొబ్బరిపాలు పోసి వండిన చేపా, చేమదుంపలూ మూడుసార్లు పెట్టించుకున్నాడు.

"బాగానే దొరికాడు మీ బావ" అని గొణిగింది లితియా. పది రోజుల తర్వాత మొగుడు నవ్వాడని ఆమెకి లోలోపల సంతోషంగానే ఉంది.

వేళ్ళు దంచి, నీళ్ళలో పిండి, కొబ్బరి చిప్పలతో తాగుతూ కూర్చున్నారు.

"తుపాను ఏట ఎక్కడున్నారు?" అడిగాడు ముసలాయన.

"ఎక్కడుంటాను బావా? లాంచీ రాళ్ళకి కొట్టుకుని పగిలింది. ఒడ్డుకి చేరితే ఆ దీవిలో నిలబడ్డ ఇల్లు లేదు. అంతటా జ్వరాలు. డాక్టరు వెనకాల మందుల పెట్టె మోస్తూ మూడు నెలలు తిరిగాను. డబ్బు రాకపోతే కొబ్బరికాయలు కొట్టుకుని బతుకుతాను. పారిపోయాడని రాశారు చూడు, అదే నాకు మింగుడు పడటం లేదు."

"కబురు పంపలేదా?"

"పెన్సిలుతో నేనే ఆఫీసుకి ఉత్తరం రాసి కొబ్బరి మోసే పడవలో పంపాను. ఏ సొరచేప మింగిందో!"

ముసలాయన చేతిలో చిప్ప పెదాల దగ్గరే ఆగిపోయింది.

"అప్పుడే అలిసిపోయావా? తాగు బావా!" అన్నాడు ఏపెలీ.

తెల్లారి పడవ ఎక్కేటప్పుడు లితియా చేమదుంపలు మూటకట్టి ఇచ్చింది. పేరేమిటని ఎవరూ అడగలేదు. బావకి పేరెందుకు?

రెండు నెలలకి ఊరి పాస్టరుగారు ఒక కవరు ఊపుకుంటూ వచ్చారు.

"ఏపెలీ! ఇరవై ఒక్క ఏళ్ళకీ పెన్షన్ ఇచ్చేశారయ్యా! పారిపోయాడన్న మాట కూడా కొట్టేశారు!"

ఏపెలీ భార్య చేతులు పట్టుకుని ఇల్లంతా గిరగిరా తిప్పేశాడు.

కవరులోంచి పాత కాగితం ఒకటి జారి పడింది. పెన్సిలు రాత. తన రాతే.

"ఇదెక్కడ దొరికింది పాస్టరుగారూ?"

పాస్టరుగారు ఇంగ్లీషు కాగితాలు విప్పి, ఒక్కొక్క ముక్కే చదివి చెప్పారు.

"అప్పట్లో రిజిస్టరు రాసిన గుమస్తా దగ్గరే ఉందట. ఫైళ్ళ కింద పడేసి మరిచిపోయాడు. తీరా కనబడేసరికి నువ్వు పారిపోయావని రాసేసి ఉన్నాడు. ఆఫీసు దొర తన ఉద్యోగం పీకేస్తాడని దాచేశాడు. నీకు పెన్షన్ రాలేదని ఈమధ్య విన్నాడట. ఉత్తరం తీసుకెళ్ళి దొర ముందు పెట్టి, తప్పు నాదేనన్నాడు. రూలు ప్రకారం ఆ గుమస్తా పెన్షన్ ఆపేశారు."

"అయ్యో పాపం!" అన్నాడు ఏపెలీ.

"పాపమేంటి? తొమ్మిదేళ్ళు దాచి, ఇప్పుడు దొర దగ్గర ఒప్పుకుంటే సరా? మిమ్మల్నొచ్చి మన్నించమని అడగొద్దూ?" అంది లితియా.

"దొర కూడా అదే అడిగాడమ్మా" అంటూ పాస్టరుగారు చివరి కాగితం తిప్పి, ఆ గుమస్తా చెప్పిన జవాబు చదివారు: "అడిగానండీ, గడప దగ్గర కూర్చుని అడిగాను, ఏపెలీ నా వేళ్ళ కట్ట అందుకుని మూడు చప్పట్లు చరిచి, మా తాతల తప్పులతో సహా మన్నించేశాడు."