మోయగలిగిన బరువు

“ఈ ట్రక్కుతో ఆ ట్రైలర్ని నా గేటు దాటనివ్వను, అన్నా!”

మెర్వ్ లోర్న్ ట్రక్కు తలుపు తెరిచి, లోపలి చట్రం మీద అంటించిన బరువుల లెక్కల స్టిక్కర్ ముందు గొంతుక్కూర్చున్నాడు. ఊళ్ళో చక్రాల ఇళ్ళలాంటి ట్రైలర్లు అమ్మేది అతనొక్కడే. చలికాలమంతా లోర్న్‌తో కలిసి మంచు మీద రాళ్ళు జార్చే కర్లింగ్ ఆట ఆడతాడు.

లోర్న్ టోపీ వెనక్కి నెట్టుకున్నాడు. అతని భార్య ఆర్డిత్ ముప్పై రెండడుగుల ట్రైలర్ వైపు చూస్తూ నిలబడింది. పొడవాటి వంటగట్టు, చుట్టూ తిరగడానికి చోటున్న మంచం. మార్చిలో సాస్కటూన్ ట్రైలర్ల ప్రదర్శనలో దాన్ని చూసి ఆమె “ఎంత బాగుందో!” అన్నప్పటి నుంచీ లోర్న్‌ది ఒకటే పాట. ఇది కొందాం, రాకీ కొండలు దాటి సముద్రం దాకా వెళ్దాం.

“నా ట్రక్కు లాగగలదని కంపెనీవాడు చెప్పిన దానికంటే ఇది తక్కువ బరువే కదరా,” అన్నాడు లోర్న్.

“అది ఇంజను లాగే బరువు. నేను చూసేది నడుం మోసే బరువు. ట్రైలర్ ముక్కు వచ్చి నీ ట్రక్కు వెనక తగిలించే హిచ్ మీద కూర్చుంటుంది. దానికి తోడు నువ్వు, వదిన, కుక్క, నువ్వు వెనకాల పడేసే కట్టెలు, జనరేటరు. అన్నీ ఈ అంకెలో ఇమడాలి. ఇమడవు.”

“కుక్కని వదిలేస్తాం.”

“అయితే నేనూ రాను,” అంది ఆర్డిత్.

మెర్వ్ నవ్వుతూ లేచాడు. “పైగా నీ బండి పొట్టిది. పక్కగాలి ఒక్కటి కొట్టిందంటే ఆ పొడుగుది తోకాడిస్తుంది. అప్పుడు బండి నడిపేది నువ్వు కాదు, అది!”

“ఊగకుండా కడ్డీలు బిగిస్తే?”

“ఊపు తగ్గుతుంది. ట్రక్కు నడుం గట్టిపడదు. పెద్ద ట్రక్కు కొనుక్కో, లేదంటే ఉన్న చిన్న ట్రైలర్‌తోనే తిరుగు.”

లోర్న్ ఆర్డిత్ చెయ్యి పట్టుకున్నాడు. “ఏమనుకోకు. నీకు అంత నచ్చింది గానీ...”

“ఫరవాలేదులే,” అందామె, గొంతులో కాస్త నిరాశ పలికిస్తూ.

ఇంటికెళ్ళే దారిలో లోర్న్ ఈల వేశాడు. పాపం, బాధ దిగమింగుకుంటున్నాడు అనుకుంది ఆర్డిత్.

మర్నాడు వెచ్చవెచ్చని రూబార్బ్ కేకు పట్టుకుని ఆమె ఒక్కతే మెర్వ్ ఆఫీసుకి వెళ్ళింది.

“నీ మేలు మర్చిపోను, మెర్వ్. ఆ మెడ ఆపరేషన్ అయ్యాక ఆయన పక్క అద్దం కేసి సరిగ్గా తిరగలేడు. చిన్నదైతే ఎలాగో నెట్టుకొస్తాడు, అంత పొడుగుది వెనకాల ఉంటే? ఆయన ముచ్చట చూసి నేనూ బాగుందన్నాను. ఇప్పుడు ‘నువ్వు నడపలేవు’ అంటే ఆయన మనసు విరుగుతుంది. అందుకే తప్పు ట్రక్కు మీదికి నెట్టమన్నాను. ఎంత చక్కగా అబద్ధమాడావయ్యా!”

“ఆడాల్సిన అవసరమే రాలేదు. నువ్వడిగాక కూడికలు వేసి చూశాను. నిజంగానే ఆ బరువుకి ఆ ట్రక్కు ఆగదు. నాకే గుండె జారింది.”

ఆర్డిత్ కుర్చీలో కూలబడింది. కొండలు దిగే రోడ్లు, వాటి పక్క లోయలు కళ్ళముందు తిరిగాయి. లోర్న్ మాట పడకుండా కాపాడాలనుకుంది తను. ఈ మనిషి ఇద్దరి ప్రాణాలూ కాపాడాడు.

“అయితే ఈ కేకు ఏం సరిపోతుంది?” అంది కళ్ళు తుడుచుకుంటూ.

“సరిపోవడమా! నేను ఇంటికి మోసుకెళ్ళాల్సింది ఇంకొకటి కూడా ఉంది.”

బల్ల మీది కాగితం పొట్లాన్ని మెర్వ్ ముందుకు జరిపాడు. పొగబెట్టిన చేప వాసన. ఎర్ర పురికొస, ముడి మీద ముడి. అలా కట్టే మనిషి ఊళ్ళో ఒక్కడే.

“ఇది లోర్న్ చేసింది కదూ? నీకెందుకిచ్చాడు?”

మెర్వ్ నవ్వాపుకోలేకపోయాడు.

“నీ ముచ్చట కాదనలేక, నీకంటే ముందే అన్న వచ్చి ఇదే అబద్ధం ఆడమన్నాడు, వదినా.”