మూల మంచం మనిషి

"ఏయ్, ఎవరు నువ్వు? ఆ బట్టలు యాడికి తీస్కపోతున్నవ్?"

నర్సు శశికళ కేకకు లంబాడి ఆమె ఆగింది.

"ఉతకనీకె, అమ్మా."

"నీ మనిషిది ఏ మంచం?"

ఆమె మూల మంచం చూపింది. దాని మీద ముసలి మంగీలాల్ మూలుగుతున్నాడు. కూతురు కాబోలు అనుకుంది శశికళ.

డెబ్బైమూడు వానాకాలం. నర్మెట్ట పక్క తండాల్లో గత్తర సోకింది. వాంతులూ విరేచనాలతో జనం పిట్టల్లా రాలిపోతుంటే బడినే దవాఖాన చేశారు. డాక్టరు తండాలు పట్టుకుని తిరుగుతున్నాడు. బడిలో మిగిలింది శశికళా, అటెండరు చత్రూ. జనగామ నుంచి వచ్చింది మొదలు ఆమె నడుం వాల్చిందే లేదు.

లంబాడి ఆమె పేరు తారి. రోజూ వచ్చేది. నీళ్ళు కాచేది, ఎవరు కక్కినా ఎత్తిపోసేది. వాళ్ళ ఆడవాళ్ళు మోచేతుల పైన వేసుకునే తెల్ల గాజులు ఆమెకు లేవు. చాకిరికి అడ్డమని తీసేసిందనుకుంది శశికళ.

"అందరి మంచాల కాడికి ఎందుకు పోతవ్? నీకు గూడ అంటుకుంటే ఎవలు చెయ్యాలె?" అని కసిరేది.

గత్తర తగ్గింది. బండ్లు కట్టుకొచ్చి ఎవరి మనుషుల్ని వాళ్ళు తీసుకుపోయారు.

"చూసినవా చత్రు! ఒక్కలన్న పోయొస్తమనలే. ఏరు దాటి తెప్ప తగలవెట్టిన్రు. గీ నౌకరి నాకొద్దు, సారుకు చెప్పి మానేస్త."

మంగీలాల్‌ని కొడుకొచ్చి తీసుకుపోయాడు. తారి మాత్రం పెరట్లో దుప్పట్లు పిండుతూనే ఉంది. శశికళకు ఒళ్ళు మండింది.

"మీ నాయిన పాయె గద! ఇంకేం ఆశవడి కూసున్నవ్? పో ఇంటికి!"

తారి దుప్పటి ఆరేసి, దండం పెట్టి వెళ్ళిపోయింది.

"అట్ల ఎల్లగొడితివేందమ్మా?" అన్నాడు చత్రు. "మంగీలాల్ ఆమెకు ఏం కాడు."

"మరి మూల మంచం చూపెట్టింది?"

"ఆయిన కంటె ముందు ఆ మంచంల బాల్‌సింగ్ ఉండె. మొదటి రోజే పాయె. ఎవ్వలు దగ్గరికి రాకపోతే నువ్వే తలకాయ ఒళ్ళె పెట్టుకొని నీళ్ళు తాపితివి."

శశికళకు ఆ ముఖం గుర్తుకు రాలేదు. సిగ్గేసింది. గుమ్మంలోకి పరుగెత్తింది. బాట మీద ఎవరూ లేరు.

"బతికించకపోతినని నువ్వు బాధపడ్తవని చెప్పనియ్యలేదమ్మా," చత్రు గొంతు తగ్గించాడు. "మొగడు పోతే మా లంబాడోళ్ళల్ల మోచేతి గాజులు తీసేస్తరు. కూలికి పోయి, ఆఖరి చూపు గూడ అందలే పాపం, ఆ బాల్‌సింగ్ పెండ్లానికి."