తప్పుల పలక

గుండ్లకమ్మ పొంగి కంభం బండ్లబాట కోసుకపోయిన మరుసటి యేడు. మార్కాపురం పక్క ఒక ట్రైనింగు బడిలో పంతులు పని నేర్చుకోను పదముగ్గురు చేరినారు. పన్నెండుమంది భూమీ పుట్రా ఉన్న ఇండ్లవాళ్లు. పదమూడోవాడు విశ్వాసం. వాళ్లమ్మ సువార్తమ్మ పలకల గనిలో రాయి మోసేది.

పన్నెండుమందికీ చాపలు. విశ్వాసానికి వాకిలి పక్క వట్టి నేల. సుద్దముక్క అడిగితే నేల మీద పెట్టి జరిగేవాళ్లు. వంగి తీసుకొనేవాడు.

ఆ బడిలో ఒక పద్ధతి ఉండేది. వంతు వచ్చినవాడు మధ్యాహ్నం పిల్లలకు పాఠం చెప్పాలి. మిగతావాళ్లు వెనక కూర్చొని చూడాలి. పాఠం అయినాక చెప్పినవాడు తన పలకను వసారాలో మేకుకు తగిలించి పోవాలి. మర్నాడు గంట కొట్టేలోగా చూసినవాళ్లు దాని మీద తప్పులు రాయాలి. పేరు పెట్టే పని లేదు. గంట కొట్టినాక హెడ్మాస్టరు పలక ముందర నిలబడి గట్టిగా చదువుతాడు. తప్పులు నాలుగుకు తగ్గితే ఎవరూ సరిగా చూడలేదని, ఆ పాఠం చెప్పనట్టే లెక్క. ఇరవై పాఠాలు నిలిస్తేనే సర్టిఫికెట్టు.

సర్టిఫికెట్టు వస్తే విశ్వాసానికి పొదిలి దగ్గర మిషను బడిలో పని. రాకుంటే గనిలో, అమ్మ పక్కన.

మొదటి పాఠం నాడు కూడికలు చెప్తుంటే నోరు ఎండి నాలుక అంటుకపోయింది.

"ఏరా విశ్వాసం, గొంతు ఇంట్లో ఉట్టి మీద పెట్టి వచ్చినావా?" అన్నాడు వెనకనుంచి చెన్నకేశవులు. గిద్దలూరు పక్క పెద్దరైతు కొడుకు.

పన్నెండుమందీ నవ్వినారు. వాళ్లను చూసి పిల్లలు నవ్వినారు.

మర్నాటికి పలక మీద ఒక్క గీత లేదు. ఆ పాఠం నిలవలేదు. రెండోదీ నిలవలేదు.

"మళ్లీ చెప్పు," అన్నాడు హెడ్మాస్టరు. అంతకుమించి ఒక మాట లేదు.

మూడో పాఠం మర్నాడు మాత్రం పలక ముందర చాలాసేపు నిలబడినాడు. గొంతు సవరించుకొని చదివినాడు.

"ఒకటి, మేకపిల్ల అరుపు. రెండు, పిల్లలకు వీపు చూపి గోడతో మాట్లాడుతాడు. మూడు, చెయ్యి వణికి అంకెలు తేళ్లలాగ పాకినాయి. నాలుగు, పిల్లలు పంతులుకు భయపడాలి గాని, ఇక్కడ పంతులే పిల్లలకు భయపడుతున్నాడు."

నాలుగు వరసలు. ఒకటి వాలు రాత, ఒకటి గుండ్రటి రాత, ఒకటి చీమకాళ్లు, ఒకటి బండరాత.

పన్నెండుమందీ ఒకరి ముఖం ఒకరు చూసుకొన్నారు. ఆ తర్వాత ఒక్కసారిగా ఇరగబడి నవ్వినారు.

"భలే పట్టినార్రా. ఎవర్రా ఆ నాలుగోది రాసింది?" అన్నాడు హెడ్మాస్టరు.

చెన్నకేశవులు మీసం దువ్వుకొన్నాడు. నేను కాదని అనలేదు.

వాళ్ల పలకల మీద ఒకరికొకరు మెత్తగా రాసుకొనేవాళ్లు. సుద్ద ఎక్కువ వాడినాడు. తలగుడ్డ వంకరగా ఉంది. విశ్వాసం పలక మీద మాత్రం కత్తులే.

ఆదివారం ఇంటికి పోతే సువార్తమ్మ గడ్డం పట్టుకొని చూసింది.

"ఏంది నాయనా, ఇట్ల చిక్కిపోయినావు? ఆ బడిలో ఏమంటన్నారు నిన్ను?"

పలక మీదున్నవి చెప్పినాడు.

"ఒక తల్లి కన్నోడు రాసే రాతలేనా అవి? రాసినోడి చెయ్యి పడిపోను!"

"అట్ల అనొద్దు మా!" అని అరిచినాడు విశ్వాసం. సువార్తమ్మ బిత్తరపోయింది. కొడుకు ఆమె మీద ఎన్నడూ అరవలేదు.

ఆ పూటే పనిలేని గనిగుంటలోకి దిగినాడు. రాతిగోడకు ఎదురుగా నిలబడి ఎక్కాలు చెప్పినాడు. గోడ తిరిగి చెప్పేదాకా చెప్పినాడు. ప్రతి ఆదివారం అదే పని.

మేకపిల్ల అరుపు పోయింది. వీపు చూపడం పోయింది. దిద్దుకొన్న తప్పు మళ్లీ పలక మీదికి వచ్చేది కాదు. కొత్తది వచ్చేది. దానికీ జాలి ఉండేది కాదు. నవ్వడానికి మాత్రం పన్నెండుమందీ ముందే వచ్చి నిలబడేవాళ్లు.

పందొమ్మిది పాఠాలు నిలిచినాయి.

ఆఖరు పాఠం చెరువుల మీద. కట్ట ఎట్ల పోస్తారో, తూము ఎట్ల ఎత్తుతారో చెప్పినాడు. గంట కొట్టినా పిల్లలు లేవలేదు. హెడ్మాస్టరు కూడా లేవడం మరిచినాడు.

విశ్వాసం పలక తగిలించి తిరిగేసరికి చెన్నకేశవులు దారికి అడ్డం నిలబడినాడు.

"బాగానే చెప్పినావులేరా. అదే వచ్చింది నీ చావుకు."

విశ్వాసం చేతి సుద్ద దులుపుకొన్నాడు.

"ఎవడు రాస్తాడు తప్పులు? అందరిచేతా ఒట్టు పెట్టించినా. ఒక్కడూ ఒక్క అక్షరం గీయడు. రేపు పొద్దున సర్టిఫికెట్లు ఇయ్యనీకె ఇనస్పెక్టరు వస్తాడు, పందొమ్మిది చూస్తాడు, పోతాడు. మళ్లీ చెప్పు అననీకె హెడ్మాస్టరుకు దినం లేదు. పో, పోయి మీ అమ్మతో రాయి మొయ్యి."

వెనక నిలబడిన పదకొండుమందీ నవ్వినారు. విశ్వాసం వాళ్ల ముఖాలు ఒక్కొక్కటే చూసినాడు. పక్కకు తప్పుకొని నడిచినాడు.

మర్నాడు తెల్లవారుతూనే అందరికంటే ముందు వసారాలోకి వచ్చి, ఆ పన్నెండుమందిలో ఏ ఒక్కడూ మొదటి దినం నుంచీ వేలు కూడా తగలనియ్యని తన పలకను మేకు మీదనుంచి దించుకొని, మూడో పాఠం నుంచి చేస్తున్నట్టే వాలుగా ఒకటి, గుండ్రంగా ఒకటి, చీమకాళ్లలాగ ఒకటి, బండగా ఒకటి, తన తప్పులు నాలుగూ తానే రాసుకొన్నాడు.