శృతి రాసిచ్చిన ఏడు సినిమాలు

“ఏడు సిన్మాలు రాసిన తాతా. ఏడూ అయ్యేదాంక నువ్వు ఎటూ పోవద్దు.”

శృతి ఆ కాగితాన్ని టీవీ పక్కన గోడకు అంటించింది. అది శుక్రవారం సాయంత్రం. ఆదివారం పది గంటలకు నిజామాబాద్‌లో ఆమె పెళ్లి. బోధన్‌లోని ఈ ఇంట్లో తాత ఆత్మారాం మంచం పట్టి నెల దాటింది. రెండు మూడు రోజులకు మించి చెప్పలేమని డాక్టర్ అన్నాడు.

ఈలోపు ఇంట్లో చావు జరిగితే సూతకం. పెళ్లి ఆగుతుంది. పెళ్లికొడుకు పెదనాన్న పోయి ఇప్పటికే ఒకసారి ఆగింది. మళ్లీ ఆగితే ఈ సంబంధం అచ్చిరాదనుకుని వదిలేస్తామని అటువైపు పెద్దలు చెప్పేశారు. ఇంటిల్లిపాదీ ఆత్మారాం ఛాతీ వైపే చూస్తున్నారు, లేస్తోందా, పడుతోందా అని.

ఆయనను వదలలేక భార్య భీమవ్వ మనవరాలి పెళ్లికి రానంది. అందుకే ఈ సినిమాలు. ఒక్కోదాని పక్కన శృతి ఒక్కో మాట రాసింది. ‘కడుపుబ్బ నవ్వొస్తది.’ ‘కోర్టు కథ, తాతకు నచ్చుతది.’ ‘మెల్లగ నడుస్తది, ఓపిక పట్టుండ్రి.’

“ఒక్కదాంట్ల గూడ ఎవరూ సావరు నానమ్మా. ఏరి ఏరి పెట్టిన.”

“ఎవరూ సావకుంటె అదేం సిన్మానే?” అంది భీమవ్వ, ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ.

మొదటి సినిమా సగంలోనే ఆమె తేల్చేసింది. “గా మీసాలోడే దొంగ. సూడుండ్రి.”

“నలభై ఏండ్ల సంది నీకు మీసాలోళ్లంత దొంగలే,” అన్నాడు ఆత్మారాం, తన మీసం తడుముకుంటూ.

నవ్వు దగ్గుగా మారింది. దగ్గు ఆగేదాకా ఇంట్లో ఎవరూ కదల్లేదు.

శనివారం పొద్దున కోడలు ధనలక్ష్మి పాలు పట్టుకుని గదిలోకి వచ్చి ఆగిపోయింది. మూడో సినిమా పెద్ద శబ్దంతో నడుస్తోంది. నెల రోజులుగా మంచం దిగని మామ కింద చాప మీద కూర్చున్నాడు. పక్కన భీమవ్వ దుప్పటి కప్పుకుని గోడవైపు తిరిగి పడుకుంది. నేల మీద దీపం వెలుగుతోంది.

“కూలర్ పెట్టు బిడ్డా,” అన్నాడు.

మాఘమాసం. ఆయన శాలువాలో వణుకుతున్నాడు.

“చలిల కూలరేంది మామా?”

“ఫుల్‌ల పెట్టు.”

ధనలక్ష్మి పెట్టింది. వాకిట్లో భర్త మధుకర్ చెయ్యి పట్టుకుంది. “ఒంట్ల మంట మొదలైంది. మా తాతకు గిట్లనే అయింది. పూట గూడ ఆగలే.”

“ముహూర్తాలు మనం పెట్టుకున్నయి. సావుకేం తెలుసు?” అన్నాడు మధుకర్. అయినా లోపలికి వెళ్లి తండ్రి పాదాలు పట్టుకున్నాడు.

“రేపటిదాంక బాపూ.”

“ఉంట. మీరు పోండ్రి.”

“అవ్వకు చెప్పి పోతం.”

“లేపకు. రాత్రంత నిద్ర లేదు.”

“ఏమన్న తిన్నదా?”

“శనివారం గద. ఏం ముట్టదు.”

పసుపు బట్టల్లో శృతి గుమ్మం దాకా వచ్చింది. ఆత్మారాం గట్టిగా చెయ్యి అడ్డం పెట్టాడు. “గడప దాటకు బిడ్డా. అక్కడ్నుంచే మొక్కు.”

ఆమె అక్కడే వంగి మొక్కింది. ఆయన కళ్లు తుడుచుకున్నాడు. మధ్యాహ్నానికి బండ్లు కదిలాయి.

సాయంత్రం పక్కింటి లింగవ్వ కిటికీ దగ్గర కేకేసింది. “భీమవ్వా, ఇయ్యాల బీడీలు బందా? హీరోను సూసుకుంట కూసున్నవా?”

“ఐదోది నడుస్తుంది లింగవ్వా,” లోపలి నుంచి ఆత్మారాం అన్నాడు. “రేపు రా.”

“ముసలోనికి సోకు పుట్టింది!” నవ్వుకుంటూ వెళ్లిపోయింది లింగవ్వ.

ఆదివారం పదిన్నరకు మధుకర్ ఫోన్ చేశాడు. వెనక బాజాలు.

“బాపూ, మూడు ముళ్లు పడ్డయి! నువ్వెట్లున్నవ్?”

“అప్పగింతలు?”

“గవి మూడింటికి.”

“అయినంక ఫోన్ చెయ్యి.” ఆ గొంతు బాగా సన్నబడింది.

మూడు దాటాక మధుకర్ మళ్లీ చేశాడు. మోగి మోగి ఆగింది. ఇంకోసారి చేశాడు. ఎవరూ ఎత్తలేదు. ధనలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మూడోసారి ఎత్తారు. అవతల ఏదో సినిమాలో పాట. దాని కింద ఆయాసం.

“బాపూ! ఉన్నవా?”

“ఉన్న.”

“పిల్ల కారెక్కింది.”

“అటు గోత్రంల కలిసిపోయింది గద ఇగ? మన సూతకం అంటదు గదా?”

“అంటదు బాపూ. కలిసిపోయింది. నీకేం గాలే గద?”

అవతల టీవీ ఆగిపోయింది.

“అయితే రాండ్రి కొడుకా, మీ అవ్వ నిన్న తెల్లారంగనే పోయింది.”